లేకపోతే పైన అడుగు

ఆ రోజు పొద్దున్న చీమ వేసుకున్న పథకంలో మూడే మూడు పనులున్నాయి. తొమ్మిదింటికల్లా ఆఫీసు చేరి మూడువందల నలభై ఫైళ్ళు చెరిపేయాలి. పదింటికి ఊళ్ళో తమ సంస్థ పెట్టిన బోర్డులన్నీ సవ్యంగా వెలుగుతున్నాయో లేదో చూసుకోవాలి. పన్నెండింటికి పై అంతస్తుకు వెళ్ళి, ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం పుచ్చుకోవాలి. ఇంత తేలికైన రోజు ఉద్యోగంలో చేరిన ఈ ఆరు నెలల్లో ఒక్కటీ రాలేదనుకుంటూ జడ అల్లుకుంది.

చీమ అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. మనిషిని చూసి కాదు, ఆమె రాసే ప్రోగ్రాములను చూసి పెట్టారు. మిగతావాళ్ళు నాలుగువందల వరసల్లో చేసే పనిని ఆమె నలభై వరసల్లో ముగిస్తుంది. అది తప్పని ఎవరూ అనలేదుగానీ, అలా చేస్తే పని చేసినట్టు కనబడదని మాత్రం అందరూ హితవు చెప్పారు. ఈసారి ఆమె ఏకంగా పన్నెండు వరసల్లో ముగించింది. ఉద్యోగం నిలబడటమో ఊడటమో ఆ పన్నెండు వరసల మీదే ఉంది.

"ఈ రోజుతో తేలిపోతుందన్నమాట," అన్నాడు బాబాయి చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆయనకు టైల్సు కొట్టు ఉంది. "కాగితం వస్తే సంతోషం. రాకపోతే రేపట్నుంచి కొట్లో కూర్చుందువుగాని. నేనేం బలవంతం చెయ్యట్లేదమ్మా. కుర్చీ మాత్రం నిన్ననే తుడిపించి పెట్టాను. ఇంతకీ ఏం కనిపెట్టావేంటి?"

"గ్రంథాలయంలో ఒక గదిలో బోర్డు ఉందనుకో బాబాయ్. ఏ గంటకి ఏం చూపించాలో రాసిన చీటీ ఒకటి దానికి కావాలి. ఇప్పటిదాకా బోర్డుకొక చీటీ. ఒక్క అక్షరం మారితే మూడొందల నలభై చోట్ల మార్చాలి. నా ప్రోగ్రాం ఏం చేస్తుందంటే, ముందు తన ఫోల్డర్లో చీటీ ఉందా అని చూస్తుంది. లేకపోతే ఆ ఫోల్డరు ఏ పెద్ద ఫోల్డర్లో ఉందో అందులో చూస్తుంది. గ్రంథాలయం మొత్తానికి పైన ఒక్క చీటీ పెడితే చాలు."

"ఆ పైన కూడా లేకపోతే?"

"ఇంకా పైన చూస్తుంది."

"అలా ఎందాకా?"

"దొరికేదాకా."

"పట్టుదల గలదే. మా కొట్లో ఇలాంటివాడు ఒక్కడూ లేడు," అని బాబాయి చెప్పులేసుకున్నాడు.

నిజానికి ఆ ప్రోగ్రాంలో చీమకు నచ్చింది ఆ పట్టుదలే. వాళ్ళది మూడంతస్తుల సన్నపాటి భవనం. మొదటి అంతస్తులో పని చేసేవాళ్ళు, రెండో అంతస్తులో మేనేజరు, మూడో అంతస్తులో సంస్థ స్థాపించిన పెద్దాయన. ఏం అడిగినా "పైన అడుగు" అనడం అక్కడి ఆనవాయితీ. కిటికీ తెరవాలన్నా, కుర్చీ జరపాలన్నా పైన అడగాల్సిందే. అడిగినవాడు రెండు మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చి, కిటికీ సంగతి మరిచిపోయి టీ తాగి దిగిపోతాడు. ఈ పన్నెండు వరసలకు ఆయాసం లేదు, మొహమాటం లేదు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి "నీ దగ్గరుందా?" అని అడుగుతాయి, లేదంటే నొచ్చుకోకుండా పై గుమ్మం ఎక్కుతాయి. ఎన్నిసార్లు చూసినా ఆమెకు ముచ్చటగానే ఉంటుంది. తను రాసిందే అయినా, దాని ముందు తనే చిన్నదాన్నని అనిపిస్తుంది.

తొమ్మిదింటికి ఆమె పాత చీటీలన్నీ చెరిపేసింది. గ్రంథాలయానికొకటి, ఈత కొలనుకొకటి, ఎదురుగా ఉన్న ధ్రువపత్రాల కార్యాలయానికొకటి, మూడు పెద్ద చీటీలు ముందు రోజే తయారుచేసి వాటి వాటి ఫోల్డర్లలో పెట్టి ఉంచింది. ఉంచాననే అనుకుంది.

ఆమె టీమ్ లీడరును ఆఫీసులో చాటుగా సర్దుడుగారంటారు. ఆయన కంట ఏది పడినా సర్దకుండా వదలరు. ముందు రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు ఆయనకు ఒకే పేరుతో మూడు ఫైళ్ళు మూడు చోట్ల కనిపించాయి. ఆయన ప్రాణం విలవిలలాడింది. మూడింటినీ తీసి, "భద్రం" అనే ఫోల్డర్లో వేసి, హాయిగా ఇంటికి వెళ్ళి నిద్రపోయారు.

పది కొట్టింది. చీమ కిటికీలోంచి వీధికి అటువైపు చూసింది. ధ్రువపత్రాల కార్యాలయం ముందు గదిలో పెద్ద బోర్డు అద్దంలోంచి చక్కగా కనిపిస్తుంది. "మూడో కౌంటరు: జనన ధ్రువపత్రాలు" అని ఉండాల్సిన చోట ఇలా ఉంది:

"తీసిన వస్తువు తీసిన చోటే పెట్టాలి. ఈ మాట చెప్పడం ఇదే ఆఖరుసారి."

ఆమె కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. అక్షరం మారలేదు. ఇంతలో ఫోన్ మోగింది. గ్రంథాలయాధికారి. అలవాటు కొద్దీ ఆయన ఫోన్‌లో కూడా గుసగుసగానే మాట్లాడతారు.

"ఆఖరుసారి అంటున్నారు, ఎవరండీ ఆ అంటున్నది? కొత్తగా ఎవరైనా పెద్ద అధికారి వచ్చారా?"

"ఒక్క నిమిషమండీ, ఏదో పొరపాటు..."

"పొరపాటంటారేంటండీ! పదకొండేళ్ళ కిందట నిఘంటువు తీసుకెళ్ళిన మనిషి ఇప్పుడే పరుగున తెచ్చి బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏం చెయ్యమంటారు ఆయన్ని?"

ఏం చెయ్యాలో పైన అడిగి చెప్తానని చీమ ఫోన్ పెట్టేసింది. ప్రోగ్రాం ఎక్కడికి ఎక్కిందో, ఎక్కిన దారినే తనూ ఒక్కొక్క ఫోల్డరే తెరుచుకుంటూ వెళ్ళింది. గ్రంథాలయంలో చీటీ లేదు. దాని పైన "ఖాతాదారులు", అక్కడా లేదు. దాని పైన "ఆఫీసు". మామూలుగా ఎవరూ అంతకన్నా పైకి వెళ్ళరు. అసలు అంతకన్నా పైన ఏదో ఉందని ఆఫీసులో ఎవరికీ తెలియదు. చీమ వెళ్ళింది. "ఆఫీసు"కు పైన "వరండా" ఉంది. వరండాకు పైన "భోజనాల బల్ల". అన్నిటికన్నా పైన, కొసన, "మా ఇల్లు".

ఆ సంస్థ పంతొమ్మిదేళ్ళ కిందట పెద్దాయన ఇంట్లో, భోజనాల బల్ల మీద ఒక్క కంప్యూటరుతో మొదలైందని ఆమె విన్నది. ఆ కంప్యూటరు పాతబడినప్పుడల్లా అందులోని సరుకంతా ఉన్నదున్నట్టుగా కొత్తదానిలోకి ఎక్కించారు. ఏది అక్కర్లేదో తేల్చాలంటే పైన అడగాలి కాబట్టి ఎవరూ ఏదీ తీసేయలేదు. మూడంతస్తుల సంస్థ, నలభైమంది ఉద్యోగులు, మూడువందల నలభై బోర్డులు, అందరూ ఇన్నేళ్ళుగా ఎవరింట్లోనో, ఎవరి భోజనాల బల్ల కిందో కాపురం ఉంటున్నారు. పన్నెండు వరసలు మెట్లెక్కి వెళ్ళి ఆ ఇంటి తలుపు తట్టాయి. తలుపు తీసిన ఇల్లాలు తన చీటీ చేతిలో పెట్టింది.

ఆ చీటీ పెద్దాయన చేసిన మొట్టమొదటి బోర్డుది. వంటింటి గుమ్మం మీద వేలాడదీసిన బోర్డు. ఇంట్లోవాళ్ళకు గంటగంటకు చెప్పాల్సిన మాటలన్నీ అందులో ఉన్నాయి. చీమ కిందికి చదువుకుంటూ పోయింది. పన్నెండు గంటల దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"ఏమండీ! జుట్టుకు వేసిన రంగు ఆరకుండా దిండు మీద తల పెట్టకండి. గలీబులు నేను ఉతకలేను."

పెద్దాయనకు అరవై దాటాయి. జుట్టు మాత్రం నల్లగా నిగనిగలాడుతుంటుంది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళనూ కూర్చోబెట్టి, "టెన్షన్ పడని మనిషికి జుట్టు నెరవదు. నన్ను చూసి నేర్చుకోండి," అని గంటసేపు బోధిస్తారు. ఇప్పుడు ఆఫీసు కింద ఉన్న హాల్లో, గుమ్మానికి ఎదురుగా, వచ్చేవాళ్ళకు చూపించడానికి ఆరడుగుల బోర్డు ఒకటుంది. అది కూడా ఇదే ప్రోగ్రాం మీద, గ్రంథాలయం చీటీతోనే నడుస్తోంది. ఆ చీటీ పెద్దాయన ఇంటిదని ఆఫీసులో గుప్పుమనడానికి ఎంతోసేపు పట్టదు. సరిగ్గా పన్నెండింటికే చీమ ఉద్యోగం సంగతి తేలేది కూడా.

ఆమె పరుగున సర్దుడుగారి బల్ల దగ్గరికి వెళ్ళింది. "సార్, మూడు చీటీలు కనబడట్లేదు. మీరేమైనా..."

"కనబడకపోవడమేంటి? భద్రంగా ఉన్నాయి," అన్నారాయన తృప్తిగా. "ఒకే పేరుతో మూడు ఫైళ్ళు మూడు చోట్ల పడి ఉంటే చూస్తూ చూస్తూ ఎలా వదిలేస్తాం?"

"అవి తీసి మళ్ళీ అక్కడే పెట్టాలి సార్, వెంటనే."

"భద్రంలో వెయ్యడమే నా పని. తియ్యాలంటే పాస్‌వర్డు కావాలి. అది పైనుంటుంది." అప్పుడాయన కిటికీలోంచి ఎదుటి బోర్డు చూశారు. ముఖం పాలిపోయింది. "ఇదంతా నువ్వు చేసిందేనా? ఇంక దేని మీదా చెయ్యి పెట్టకు. కంప్యూటర్లో నీ తాళాలన్నీ ఆపేస్తున్నాను. పైన అడిగి రా, ఫో!"

రెండో అంతస్తులో మేనేజరమ్మ మూడు ఫోన్లతో సతమతమవుతోంది. ఆవిడకు ఏమీ తెలియదు. తెలియదన్న సంగతి అవతలివాళ్ళకు తెలియకుండా మాట్లాడటంలో మాత్రం ఆవిడను మించినవాళ్ళు లేరు.

"అవునండీ, పైనుంచే వచ్చింది... ఆ, అక్షరాలా పాటించాలి... మినహాయింపులా? లేవండీ."

"అయ్యో మేడమ్! అది ఆర్డరు కాదు," అంది చీమ.

"మరి నాకు తెలియదని చెప్పమంటావా? మేనేజర్ని కదమ్మా నేను!"

ఇంతలో పదకొండు కొట్టింది. ఇద్దరూ కిటికీ దగ్గరికి వెళ్ళారు. ఎదుటి కార్యాలయంలో బోర్డు మీద అక్షరాలు మారాయి.

"ఊరికే నిలబడ్డవాళ్ళు కూర్చోండి. కూర్చున్నవాళ్ళు లేచి పని చూడండి."

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత వరసలో నిలబడి కాళ్ళు పీకుతున్న జనమంతా ఒక్కసారిగా కూర్చున్నారు. బల్లల మీద, మెట్ల మీద, నేల మీద కూర్చున్నారు. అద్దాల వెనక దశాబ్దాలుగా కూర్చునే ఉన్న గుమాస్తాలు లేచారు. లేచి, కౌంటర్లు దాటి బయటికొచ్చి, కాగితాలు చేత పట్టుకుని, కూర్చున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి వంగి, "మీకేం కావాలండీ?" అని అడగడం మొదలుపెట్టారు. పదింటి మాటతో వాళ్ళు ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడ సర్దేశారు కాబట్టి అడిగినవి అడిగినట్టే దొరుకుతున్నాయి. చీమకు కళ్ళు చెమర్చాయి. ఉద్యోగం పోతే పోయింది, ఇది చూశాను చాలు అనుకుంది.

"ఈత కొలను నుంచి ఫోను," అంది మేనేజరమ్మ నీరసంగా. "ఈదేవాళ్ళంతా గట్టున కూర్చున్నారట. ఇన్నేళ్ళుగా కుర్చీ దిగని కాపలావాళ్ళు నీళ్ళలోకి దిగారట. వాళ్ళలో ఒకడికి ఈత రాదని ఇప్పుడే బయటపడిందట. ఈదేవాళ్ళే పైకి లాగారు. మనకి కృతజ్ఞతలు చెప్తున్నారు."

"పాస్‌వర్డు చెప్పండి మేడమ్, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా దగ్గరెక్కడుంది? ఎప్పుడో పైకి పంపేశాను."

మూడో అంతస్తు చేరేసరికి పన్నెండుకు పావుగంట తక్కువ. పెద్దాయన అద్దం ముందు నిలబడి దువ్వుకుంటున్నారు. చీమ రొప్పుతూ జరిగినదంతా చెప్పి, చీటీ నకలు చేతిలో పెట్టింది. ఆయన మొదటి వరస చదివి కుర్చీలో కూలబడ్డారు. కోపం వస్తుందనుకుంది. రాలేదు. ఆ కాగితాన్ని పాత ఫోటోను చూసినట్టు చూశారు.

"ఇది మా ఆవిడ రాసింది తల్లీ. నేను పక్కన కూర్చుని టైపు చేశాను. ఇది ఇంకా ఉందా?"

"ఉందండీ. అన్నిటికన్నా పైన ఉంది."

"అంత పైకి నీ ప్రోగ్రాం ఎలా వెళ్ళింది?"

"కింద ఎవరి దగ్గరా లేదండీ. అందుకని."

అప్పటికి ఆయన చూపు పన్నెండు గంటల వరస మీద పడింది. చెయ్యి తలమీదికి వెళ్ళింది. "పాస్‌వర్డు!" అని లేచారు. "పాస్‌వర్డులన్నీ మా ఆవిడ దగ్గరే ఉంటాయి." ఫోన్ చేశారు. మోగి మోగి ఆగిపోయింది. "ఎత్తదు. పుట్టినతేదీ తప్పు పడిందని నాలుగేళ్ళుగా ఆ ఎదుటి కార్యాలయం చుట్టూ తిరుగుతోంది. ఫైలు కనబడట్లేదంటారు వాళ్ళు. ఈ రోజు కూడా అక్కడికే వెళ్ళింది."

ఇంకేం చెయ్యాలో తోచక ఆయన మెట్ల మీద పరుగెత్తారు. వెనక చీమ, ఆమె వెనక మేనేజరమ్మ, మొదటి అంతస్తులో సర్దుడుగారూ కలిశారు. కింద హాల్లో నలభైమందీ తలలెత్తి, తర్వాత ఏమొస్తుందా అని ఎదురుచూస్తున్నారు. పెద్దాయన జనాన్ని తోసుకుని వెళ్ళి, బోర్డుకు వీపు ఆనించి, రెండు చేతులూ బారజాపి అడ్డంగా నిలబడ్డారు. బోర్డు ఆరడుగులు. ఆయన అయిదడుగుల మూడంగుళాలు. పన్నెండు కొట్టగానే, ఆ నల్లటి జుట్టుకు సరిగ్గా జానెడు పైన, పెద్ద పెద్ద అక్షరాలు వెలిగాయి.

హాల్లో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. చీమ మాత్రం ఊపిరి కూడా తీయలేదు.

"ఎవరు? నా చీటీ మళ్ళీ పెట్టిందెవరు?"

గుమ్మంలో అమ్మగారు నిలబడి ఉన్నారు, పెద్దాయన భార్య. చేతిలో కొత్త ధ్రువపత్రం ఉంది. చెమటలు కక్కుతున్నారు, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"నేనేనండీ," అంది చీమ. అబద్ధం ఆడటానికి ఓపిక లేదు. "మీ ఇంటి చీటీ ఊళ్ళో మూడువందల నలభై బోర్డుల మీదకి వెళ్ళిపోయింది. తప్పైపోయింది."

"తప్పా? నాలుగేళ్ళుగా లేదన్న ఫైలు పదిన్నరకి దొరికింది. పదకొండింటికి గుమాస్తా లేచి నా దగ్గరికి నడిచొచ్చాడు. తలెత్తి చూద్దును కదా, పైన నా మాటలు!" ఆవిడ ధ్రువపత్రం పైకెత్తి చూపించారు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మా ఇంట్లో ముగ్గురు మగాళ్ళున్నారమ్మా. ఈ చీటీ గుమ్మం మీద ఎన్నేళ్ళు వేలాడిందో! ఒక్కడంటే ఒక్కడు ఒక్క ముక్క వినలేదు. ఈ రోజు ఊరు ఊరంతా విన్నది."

అప్పుడు ఆవిడ బోర్డునూ, దాని కింద చేతులు చాపుకుని నిలబడ్డ భర్తనూ చూశారు. "చేతులు దించండి. అందరూ చదివేశారు."

పాస్‌వర్డు అడిగితే నాలుగంకెలు చెప్పారు. అవి వాళ్ళ పెళ్ళిరోజని పెద్దాయనకు తప్ప అక్కడున్న అందరికీ తట్టింది. చీటీలు భద్రంలోంచి బయటపడ్డాయి. మూడువందల నలభై బోర్డులు మళ్ళీ కౌంటర్ల నంబర్లు, పని వేళలు చూపించడం మొదలుపెట్టాయి. ఎదుటి కార్యాలయంలో గుమాస్తాలు ఒక్కొక్కరే వెళ్ళి కూర్చున్నారు.

"ఇంతకీ ఈ అమ్మాయి సంగతి," అని సర్దుడుగారు గొంతు సవరించుకున్నారు. "ఈ రోజుతో ఆరు నెలలు పూర్తయ్యాయి. నా అభిప్రాయంలో, ఎక్కడ ఆగాలో తెలియని ప్రోగ్రాం రాసిన మనిషిని..."

"ఆగాలని నేను దానికి చెప్పలేదు సార్. అది నిజంగా నా పొరపాటే," అంది చీమ. బాబాయి తుడిపించి పెట్టిన కుర్చీ ఆమె కళ్ళముందు కదిలింది.

పెద్దాయన చీమ వైపు తిరిగారు. దాచడానికి ఇక ఏమీ మిగలకపోవడంతో కాబోలు ఆయన చాలా ప్రశాంతంగా ఉన్నారు. "ఒకటి చెప్పమ్మా. అన్నిటికన్నా పైకి వెళ్ళాక అక్కడా దొరక్కపోతే, నీ ప్రోగ్రాం ఏం చేస్తుంది?"

"లేదని ఒప్పుకుంటుందండీ."

ఆ ఆఫీసులో అలాంటి పని అంతవరకు ఎవరూ చేసి ఎరగరు. మేనేజరమ్మ అయితే ఏదో అద్భుతం విన్నట్టు చీమ వైపు చూసింది.

"ఈ అమ్మాయికి కాగితం ఇచ్చెయ్యండి," అన్నారు పెద్దాయన. "ఆ కాగితం ఎలా రాస్తారు? నమూనాకి నీది పట్రావయ్యా."

సర్దుడుగారు తడబడ్డారు. "నాదా? నాది పైనే ఉందనుకుంటున్నానండీ. చేరినప్పుడు అడిగితే, పైనుంది, వస్తుందన్నారు."

"పోనీ మీది తెండమ్మా."

"నాదీ పైనే ఉంటుంది కదండీ," అంది మేనేజరమ్మ. "పదిహేడేళ్ళుగా అలాగే అనుకుంటున్నాను."

"పైన ఉన్నది నేనొక్కణ్ణే కదా!" అన్నారు పెద్దాయన. ఆయన ఒకసారి చీమ వైపు చూసి, గుండెల నిండా గాలి పీల్చుకుని, జీవితంలో మొదటిసారి ఒప్పుకున్నారు. "నా దగ్గర అలాంటి కాగితం ఏదీ లేదు. ఎప్పుడూ లేదు. ఎవరికీ ఇచ్చిన గుర్తు కూడా లేదు."

నలభైమందీ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అమ్మగారు చేతిసంచిలోంచి తెల్లకాగితం, కలం తీసి, గోడకు ఆనించి నాలుగు వరసలు రాసి, భర్త చేత సంతకం పెట్టించి చీమకు ఇచ్చారు. చీమ దాన్ని రెండు చేతులతో అందుకుంది. కాగితం ఇంకా వెచ్చగా ఉన్నట్టనిపించింది.

"మరి మా సంగతేంటండీ?" అన్నారు సర్దుడుగారు.

"మీదా? ఆరు నెలలు చూద్దాం," అన్నారు అమ్మగారు.

ఆ విధంగా, సరిగ్గా ఆరు నెలల సర్వీసుతో, చీమ ఆ సంస్థలో అందరికన్నా సీనియర్ అయింది.